గ్రీకు కాసా, రోము కాసా? (సందేహాలు - సమాధానాలు)

పాత నాణేల మీద ఉత్తరాలు రాయమన్నప్పుడు కోయంబత్తూరు, మదురై వైపు తెలుగువారి నుంచి ఇన్ని వస్తాయనుకోలేదు. వాటిలో సగానికి పైగా ఉత్తరాలు ఒకే మాటతో మొదలయ్యాయి: "మా ఇంట్లో గ్రీకు వెండి కాసు ఉంది." అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాం. ఉత్తరాలను కుదించాం, పేర్లు తీసేశాం.

*

అయ్యా, మా అవ్వ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో పట్టుగుడ్డలో చుట్టిన నాలుగు వెండి కాసులు కనబడ్డాయి. ఒకవైపు ఆకుల దండ చుట్టిన మగ తల, ఇంకోవైపు పీట మీద కూర్చున్న మనిషి. మా మనవడు ఫోనులో వెతికి, ఇవి అలెగ్జాండరు కాసులు, లక్షలు పలుకుతాయి అంటున్నాడు. నగల అంగట్లో తూయిస్తే ఒకటి 3.6 గ్రాములు వచ్చింది. ఫోటోలు పంపుతున్నాను.
- ఒక పాఠకురాలు, సింగానల్లూరు

అమ్మా, మీ మనవడు పొరబడినా, ఆ పొరబాటుకు కారణం ఉంది. అలెగ్జాండరు వెండి కాసు మీద కూడా ఒకవైపు తల, రెండోవైపు దండం పట్టుకుని కూర్చున్న మూర్తి ఉంటాయి. అరిగిన కాసును చిన్న ఫోటోలో చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. చేతిలో పట్టుకుని చూస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది.

ముందు తల చూడండి. అలెగ్జాండరు కాసు మీద ఉండేది హెరాక్లీసు తల. దాని మీద సింహం తోలు టోపీలాగా కప్పి ఉంటుంది, సింహం ముందుకాళ్లు గడ్డం కింద ముడిపడి ఉంటాయి. మీ కాసు మీద తోలు లేదు, ఆకుల దండ ఉంది. దాని పట్టీల కొసలు మెడ వెనక వేలాడుతున్నాయి కూడా. ఇక వెనకవైపు. అలెగ్జాండరు కాసు మీద జ్యూస్ దేవుడు ఎడమకు తిరిగి కూర్చుంటాడు, చాచిన చేతి మీద గద్ద ఉంటుంది. మీ దాని మీద ఉన్నది ఆడమూర్తి. కుడివైపుకు తిరిగి కూర్చుంది. ఒక చేత పొడవాటి దండం, ఇంకో చేత కొమ్మ. గద్ద ఎక్కడా లేదు.

అక్షరాలు చివరికి మిగలనివ్వాలి. చాలామంది ముందే అక్షరాల మీద పడి కళ్లు నొప్పి పెట్టుకుంటారు. తల చుట్టూ ఉన్న రాతను విడదీస్తే వచ్చే అర్థం: "టైబీరియస్ సీజర్ ఆగస్టస్, దివ్య ఆగస్టస్ కొడుకు". వెనకవైపు రెండు మాటలు, "పాంటిఫ్ మాక్సిమ్". అంటే ప్రధాన పురోహితుడు. భాష లాటిన్. "యు" ఉండాల్సిన చోట "వి" ఆకారం కనబడుతుంది, రోమను రాతలో రెండింటికీ ఒకే గుర్తు. అలెగ్జాండరు కాసైతే గ్రీకు లిపిలో అతని పేరు జ్యూస్ వెనక నిలువుగా దిగుతుంది.

కాబట్టి మీ దగ్గరున్నవి రోము చక్రవర్తి టైబీరియస్ వేయించిన వెండి కాసులు, డెనారియస్‌లు. అతని పాలన క్రీ.శ. 14 నుంచి 37 వరకు. బైబిలులో పన్ను కట్టే కాసు ప్రస్తావన వస్తుంది కదా, అది ఈ రకమేనని చాలామంది అనుకుంటారు. పడమటి దేశాల్లో దీనికి గిరాకీ అందుకే.

సింగానల్లూరు నుంచి ఈ ఉత్తరం వచ్చినందుకు నాకు ఆశ్చర్యమేమీ లేదు. మీకు పక్కనే నొయ్యల్ ఒడ్డున వెల్లలూరు. 1842లో అక్కడ ఒక కుండలో ఐదువందల పైచిలుకు డెనారియస్‌లు బయటపడ్డాయి. వాటిలో మూడింట రెండు వంతులకు మించి టైబీరియస్‌వే, మిగిలినవాటిలో ఎక్కువ ఆగస్టస్‌వి. మళ్లీ 1891లో, మళ్లీ 1931లో అదే వెల్లలూరు. అంతకు ముందే, 1800లో మైసూరు మీదుగా ఈ సీమకు వచ్చిన ఫ్రాన్సిస్ బుకానన్ పొల్లాచ్చిలో కుండ నిండా దొరికిన వెండి కాసుల సంగతి రాసిపెట్టాడు. తన చేతికి వచ్చినవాటిని తూయించి ఒక్కోటి 56 గ్రెయిన్లు అన్నాడు. లెక్క కడితే 3.63 గ్రాములు. మీ నగల అంగడి తూకం, బుకానన్ తూకం రెండూ ఒకటే!

ఆగస్టస్ కాసు ఎలా ఉంటుందో కూడా చెబుతాను, మీ పెట్టె అడుగున ఇంకోటి ఉండవచ్చు. వెనకవైపు ఇద్దరు కుర్రవాళ్లు పక్కపక్కనే నిలబడి ఉంటారు, మధ్యలో రెండు డాళ్లు, రెండు ఈటెలు. వాళ్లు ఆగస్టస్ దత్తపుత్రులు గైయస్, లూసియస్. కోయంబత్తూరు చుట్టుపక్కల ఈ కొంగునాట దొరికే రోమను వెండిలో చాలా భాగం ఈ రెండు రకాలే, కూర్చున్న ఆడమూర్తి, నిలబడిన అన్నదమ్ములు. ఈ రెండూ గుర్తుపడితే కోయంబత్తూరు జిల్లాలో సగం నాణేల శాస్త్రం వచ్చినట్టే.

లక్షల మాట మనవడు మరచిపోవడం మంచిది. ఇది అరుదైన రకం కాదు. ఆ నాలుగూ ఏ తోటలో, ఏ ఊళ్లో, ఎవరి చేతికి దొరికాయో మీ ఇంటి పెద్దల్లో ఎవరికైనా గుర్తుంటే ఈరోజే రాసి ఆ పట్టుగుడ్డతో పాటే ఉంచండి. వాటికి విలువ పెంచేది ఆ కాగితమే.

*

సార్, మావి కూడా ఇలాంటివే రెండు కాసులు. మా ముత్తాతల తాతలు ఆంధ్రదేశం వదిలి వచ్చేటప్పుడు మొలకు కట్టుకుని తెచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, పీలమేడు

కథ బాగుంది, కాలం మాత్రం కుదరడం లేదు. మన వాళ్లు ఈ వైపు గుంపులుగా దిగింది విజయనగర కాలంలోనూ ఆ తరువాతా. విశ్వనాథ నాయకుడు మదురైలో కుదురుకున్నది 1529 ప్రాంతంలో. పాళయాలు కట్టడం, అడవి కొట్టించి సాగు చేయించడం, నల్లరేగడిలో పత్తి, ఆ పత్తి మీద తరువాతి కాలంలో పీలమేడు మిల్లులు, ఇదంతా ఆ తరువాతి సంగతి. మీ కాసులేమో అప్పటికి 1500 ఏళ్ల నుంచి మట్టిలో ఉన్నాయి. అన్ని తరాలు ఒక వెండి కాసు కరగకుండా, చేతులు మారకుండా ఒక్క కుటుంబంలో ఉండటం నమ్మదగిన మాట కాదు.

అయితే ఆంధ్రదేశంలో రోమను నాణేలు లేవనడానికి వీల్లేదు. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే పాత గుడి ఇటుకల కింద బంగారు రోమను కాసుల ముంత బయటపడింది. చాలావరకు పాత బంగారం కింద అమ్మి కరిగించేశారు, కొన్నే మిగిలాయి. ఇక నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన డెనారియస్‌లు 1531. పరమేశ్వరీలాల్ గుప్త 1965లో తెచ్చిన పుస్తకంలో వాటి వివరాలున్నాయి. వెల్లలూరు ముంతకు దాదాపు మూడింతలు!

అందువల్ల మీ కాసులు ఎక్కడివో కాసును చూసి చెప్పలేం. పందెం కాయమంటే మాత్రం పీలమేడు తోట మీదే కాస్తాను. బావి తవ్వుతుంటేనో, గట్టు తెగితేనో ముంత బయటపడి ఉంటుంది. దొరికిందని పైకి చెబితే దొరతనం పట్టుకుపోతుందని భయం, అందుకని "పెద్దలు తెచ్చినవి" అనే మాట పుట్టి ఉంటుంది. ఇలాంటి వలస కథలు పల్లడం నుంచి, అవినాశి నుంచి కూడా ఈ నెల వచ్చాయి.

*

యవనులంటే గ్రీకులే కదా. మలబారు తీరంలోని ముజిరిస్ రేవుకు వచ్చిన ఓడల్లో వాళ్లే ఉన్నారు. మరి మన వైపు గ్రీకు వెండి దొరకకుండా రోము వెండే ఎందుకు దొరుకుతుంది?
- ఒక ఉపాధ్యాయుడు, మదురై

ఈ నెల వచ్చిన వాటిలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే. ఓడలు నడిపిన వాళ్లలో చాలామంది మాట్లాడింది గ్రీకే. ఆనాటి సముద్ర వర్తకపు గ్రంథం పెరిప్లస్ రాసినవాడూ ఈజిప్టులో ఉండే గ్రీకు వర్తకుడే. కానీ మనిషి భాష ఒకటి, సంచిలో డబ్బు ఇంకొకటి.

క్రీ.పూ. 30లో ఈజిప్టు రోము చేతికి పోయింది. అలెగ్జాండ్రియా నుంచి ఎర్రసముద్రపు రేవులకు, అక్కడి నుంచి నైరుతి గాలి మీద మలబారు తీరానికి సాగిన పెద్ద వర్తకమంతా ఆ తరువాతదే. ఈజిప్టులో మాత్రం బయటి నాణెం చెలామణీ కాదు. అక్కడి నాణెం టెట్రాడ్రాక్మా పేరుకు వెండి, లోపల రాగి ఎక్కువ, దేశం దాటితే దాన్ని ఎవరూ తీసుకోరు. మిరియాలు కొనేవాడు అది మోసుకొచ్చి ఏం లాభం? అందుకని మేలిరకం రోమను బంగారం, వెండి సంపాదించి తెచ్చుకున్నాడు. మనవాళ్లు పుచ్చుకున్నది కూడా అందులోని లోహాన్నే, మీద ఉన్న బొమ్మను కాదు. సింహళ రాజు సంగతి రోమను రచయిత ప్లినీ చెప్పింది గుర్తుందా? వేరువేరు తలలున్న డెనారియస్‌లన్నీ ఒకే బరువు తూగడం చూసి ఆ రాజు రోమును మెచ్చుకున్నాడట.

ఆ మెప్పు ఎంతోకాలం నిలవలేదు. క్రీ.శ. 64లో నీరో డెనారియస్ బరువు తగ్గించాడు. అంతకు ముందు రోమను పౌను వెండికి 84 కాసులు, ఆ తరువాత 96. పైగా వెండిలో రాగి కలిపాడు. దాని ఫలితం మన మట్టిలో స్పష్టంగా ఉంది. కొంగు ముంతల్లో ఆగస్టస్, టైబీరియస్ నిండుగా ఉంటారు, నీరో తరువాతి వెండి చాలా అరుదు. కొత్త కాసును మన షరాబులు గీకి చూసి పక్కన పెట్టేసి ఉంటారు. టైబీరియస్ చచ్చిపోయి ఎన్నో ఏళ్లయినా అతని పాత కాసులను ఏరి ఓడకెక్కించేవారని పరిశోధకులు అనుకోవడానికి కారణం ఇదే.

ఈ వెండి కొంగునాడే ఎందుకు చేరింది అంటారా, పాలక్కాటు కనుమ వల్ల. పడమటి కనుమల్లో అన్నిటికన్నా వెడల్పాటి సందు అదే. ముజిరిస్ వైపు నుంచి ఆ సందులో పొల్లాచ్చి, వెల్లలూరు, నొయ్యల్ వెంట కొడుమణల్, కావేరి దాటక ముందే కరూరు. కాంగేయం దగ్గర పడియూరులో బెరిల్ రాయి గనులు. ఈ ఊళ్లను పటం మీద గీత గీసి కలిపితే కాసులు దొరికిన ఊళ్లన్నీ ఆ గీతకు అటూ ఇటూ కనబడతాయి.

గ్రీకు నాణెం బొత్తిగా లేదని కాదు. కరూరులో అమరావతి నది ఇసుక జల్లించేవాళ్ల దగ్గర నుంచి దినమలర్ పత్రిక సంపాదకుడిగా ఉన్న ఆర్. కృష్ణమూర్తి ఏళ్ల తరబడి కాసులు సేకరించారు. వాటిలో సెల్యూసిడ్ రాజులవి, ఫినీషియా నగరాలవి, గ్రీకు ప్రాంతాలవి కూడా గుర్తించి 2000లో పుస్తకం తెచ్చారు. కరూరు రోమనేతర విదేశీ నాణేల మీద చూడాల్సినది ఆ పుస్తకమే. అవి విడివిడిగా జారిపోయిన కాసులు. కుండల్లో దాచిపెట్టింది మాత్రం రోము వెండినే.

గ్రీకు వెండి చెలామణీ అయిన చోటు చూడాలంటే పడమటి తీరపు రేవు భరుకచ్ఛానికి పోవాలి. మెనాండరు, అపొల్లొడోటస్ అనే ఇండో-గ్రీకు రాజుల పాత డ్రాక్మాలు అక్కడ ఇంకా చెల్లుతున్నాయని పెరిప్లస్ చెబుతుంది. తూకం 2.4 గ్రాముల దగ్గర, ఒకవైపు గ్రీకు రాత, రెండోవైపు ఖరోష్ఠి. ఆ అలవాటు పశ్చిమ క్షత్రపులకూ, వాళ్ల నుంచి మన శాతవాహనులకూ వచ్చింది. వాసిష్ఠీపుత్ర పులుమావి తల ఉన్న చిన్న వెండి కాసు చూసినప్పుడల్లా, అలెగ్జాండరు వెంట వచ్చిన ఆచారం గోదావరి దాకా నడిచిందని నాకు తోస్తుంది. మీ వైపు దానికి జతగా చేర రాజు "మాక్కోదై" తల ఉన్న వెండి కాసు ఉంది. అదీ కరూరుదే, తల పైన తమిళ బ్రాహ్మి రాత. దాని మీద రోమను కాసు నీడ తెలిసిపోతూనే ఉంటుంది.

*

మా కాసు మీద అన్నదమ్ముల బొమ్మ ఉంది, కానీ అక్షరాలు ఏ పుస్తకంతోనూ కలవడం లేదు. కొన్ని అడ్డంగా, కొన్ని తలకిందులుగా ఉన్నాయి. నగల అంగడి ఆయన "డూప్లికేటు, పారెయ్యండి" అన్నాడు.
- ఒక పాఠకుడు, ఉడుమలపేట

పారెయ్యకండి! నగల అంగడి ఆయనకు వెండి తెలుసు, ఇది తెలియదు. ఉడుమలపేట పేరు చూడగానే నాకు పక్కనే ఉన్న బూదినత్తం గుర్తొచ్చింది. అక్కడ దొరికిన కుండలో పదమూడు వందలకు పైగా డెనారియస్‌లున్నాయి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది ఆ కాలంలోనే మన దేశంలో చేసిన అనుకరణ కావచ్చు. లాటిన్ చదవడం రాని కంసాలి అసలు కాసును ముందు పెట్టుకుని అచ్చు చెక్కాడు. బొమ్మ పట్టుకున్నాడు, అక్షరాలను మాత్రం గీతలుగా చూశాడు. దాంతో "వి"లూ "ఐ"లూ వరసకట్టి ఏ మాటా కాకుండా పోయాయి. ముఖం కొంచెం బొమ్మలాగా, కన్ను పెద్దదిగా, జుట్టు గీతలు గీతలుగా ఉంటాయి. చాలావాటిలో వెండి మంచిదే, బరువూ సరిగానే ఉంటుంది. అక్కనపల్లి ముంతలో కూడా అసలు కాసుల మధ్య ఇలాంటివి కలిసి ఉన్నాయి. వీటిని ఎవరు, ఎందుకు చేశారన్నది ఇంకా వాదనలో ఉన్న సంగతే. ఓడలు తెచ్చే మంచి కాసు తగ్గినప్పుడు ఇక్కడే చేసుకున్నారన్న వాదన నాకు సబబనిపిస్తుంది.

ఈనాటి నకిలీలో తప్పులు వేరు. నేటి నకిలీగాడు పుస్తకం చూసి చేస్తాడు, అక్షరం తప్పడు. లోహంలోనో అంచులోనో దొరికిపోతాడు.

కాసు ముఖం మీద ఆవగింజంత గుంటల్లాంటి గుర్తులు ఏమైనా ఉన్నాయేమో భూతద్దం పెట్టి చూడండి. మన షరాబులు పరీక్షించి వేసిన ముద్రలు అలా ఉంటాయి. బంగారు కాసుల మీద ఇంకో వింత, చక్రవర్తి తల మీద ఉలితో పెట్టిన గాటు. ఇక నాణెంగా చెల్లకుండా చేయడానికే గాటు పెట్టారని 1945లో అరికమేడు తవ్వించిన పురావస్తు శాస్త్రవేత్త వీలర్ అభిప్రాయం.

*

యూరోపుకు మెషినరీ పని మీద వెళ్లినప్పుడు ఏథెన్సులో గుడ్లగూబ కాసు ఒకటి కొన్నాను. అమ్మినవాడు అసలుదే అని సర్టిఫికేటు ఇచ్చాడు. ఎలా తేల్చుకోవాలి?
- ఒక మిల్లు ఇంజినీరు, కోయంబత్తూరు

చివరికి నిజంగా గ్రీకు కాసు గురించి అడిగినవారు మీరు ఒక్కరు! సర్టిఫికేటు పక్కన పెట్టండి, అది కాసు కన్నా తేలిగ్గా తయారవుతుంది.

ఏథెన్సు టెట్రాడ్రాక్మా 17.2 గ్రాముల దగ్గర తూగాలి. అర గ్రాముకు మించి తేడా ఉంటే అనుమానించండి. 24 మిల్లీమీటర్ల వెడల్పుకు చాలా మందంగా, లావుపాటి బిళ్లలా ఉంటుంది, పలచగా ఉంటే వదిలెయ్యండి. ఒకవైపు ఎథీనా దేవి తల, శిరస్త్రాణం మీద మూడు ఆలివ్ ఆకులు. క్రీ.పూ. 5వ శతాబ్దపు కాసైతే ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు బాదంకాయ ఆకారంలో ఉంటుంది. రెండోవైపు గుడ్లగూబ, దాని వెనక ఆలివ్ కొమ్మ, చిన్న నెలవంక, కుడిపక్కన నిలువుగా ఆల్ఫా, తీటా, ఎప్సిలాన్ అనే మూడు అక్షరాలు. ఏథెన్సువారిది అని అర్థం.

మీరు ఇంజినీరు కాబట్టి సాంద్రత పరీక్ష మీ చేత్తోనే చేసుకోవచ్చు. సన్నటి దారంతో కాసును నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి తూయండి, గిన్నె అడుగు తగలకూడదు. గాలిలో 17.2 గ్రాములున్న మంచి వెండి నీటిలో 15.5 దగ్గర చూపాలి. స్వచ్ఛమైన వెండి సాంద్రత 10.49. మీ లెక్క 9కి దిగితే అది వెండి పూత వేసిన ఇత్తడో రాగో. ఇంకో సంగతి, ఏథెన్సు అసలు కాసుల మీద కూడా లోపల రాగి ఉందేమో చూడటానికి ఆ కాలంలోనే పెట్టిన గాట్లు ఉంటాయి. గాటు కనబడితే కంగారుపడకండి, లోపల కూడా వెండే కనబడిందంటే మంచిదే.

తరువాత అంచు చూడండి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటుంది, లేదా దాన్ని ఆకురాయితో రాసిన జాడ ఉంటుంది. ముఖం మీద సూదిమొనంత బుడగ గుంటలు కనబడతాయి. అక్షరాల అంచులు కరిగిన సబ్బులా మెత్తబడి ఉంటాయి. సమ్మెట దెబ్బతో అచ్చు పడిన కాసుకు లోహం బయటికి పారిన గీతలు అంచువైపు కిరణాల్లా కనబడతాయి. అంచు కొన్నిచోట్ల చిన్నగా పగులుతుంది కూడా. బొమ్మ నట్టనడుమ పడిందా, పూర్తిగా పడిందా అన్నది పట్టించుకోకండి. అసలు వాటిలో నెమలీకలా అందంగా కుదిరినవి తక్కువ, గుడ్లగూబ తోక బయటికి పోయినవి ఎక్కువ.

ఒకవేళ అసలుదే అయితే అక్కడ ఇంకో చిక్కు. పురాతన వస్తువును అనుమతి లేకుండా గ్రీసు దాటించడం నేరం. రోడ్డు పక్క బేరంలో అలాంటి అనుమతి రాదు. నిజం చెప్పాలంటే అది నకిలీ అయితేనే మీకు మనశ్శాంతి.

*

మా వైపు కొండ దిగువన దొరికిన చిన్న చిన్న వెండి ముక్కలు. గుండ్రం కాదు, చదరం కాదు. మీద సూర్యుడు, చెట్టులాంటి గుర్తులు. రాజు తల లేదు. గ్రీకువేనా?
- ఒక పాఠకుడు, బోడినాయకనూరు

కావు, కానీ మీ ఊరు ఈ విషయంలో చరిత్రకెక్కిన ఊరు. అవి అచ్చుకొట్టిన నాణేలు. వెండి రేకును ముక్కలుగా కోసి, బరువు సరిచేయడానికి మూల కత్తిరించి, ఒక్కో గుర్తునూ వేరే అచ్చుతో కొడతారు. ఉత్తరాది వాటి బరువు మూడు గ్రాములు దాటుతుంది. బోడినాయకనూరులో వెయ్యికి పైగా ఒకే రకం వెండి ముక్కలు ఒక్కచోట దొరికాయి, వాటి వెనకవైపు గీతలుగా మార్చిన చేప గుర్తు ఉంది. చేప పాండ్యుల చిహ్నం కాబట్టి వాటిని పాండ్యులకు ఇస్తారు. మీ ముక్కల వెనకవైపు చూడండి. ఒంటి గుర్తు ఉంటే దాని ఫోటో పంపండి, నాకు చూడాలని ఉంది. నాయకుల పాళయం బోడికి రావడానికి చాలా శతాబ్దాల ముందటి వెండి అది.

*

వెండి సామాను తోమినట్టు చింతపండు, విభూతితో తోమాను. తళతళ మెరుస్తోంది. మీకు చూపించాలని...
- ఒక పాఠకురాలు, తిరుమంగలం

అమ్మా, ఇక తోమకండి. పూజగదిలో దీపపు కుందెకు చింతపండు మంచిదే. రెండు వేల ఏళ్ల వెండి లోపల పెళుసుబారి ఉంటుంది, పైన ఉన్న నల్లటి పొర దానికి తొడుగు. పులుపు ఆ పొరను తినేస్తుంది, విభూతి సన్నటి గీతలు పెడుతుంది. ఆ గీతల్లో అక్షరాల అంచులు పోతాయి. వెల కూడా సగానికి పడిపోతుంది.

మట్టి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు రోజులు నానబెట్టి మెత్తటి కుంచెతో తుడవడం వరకే మన పని. గట్టిగా, మైనంలా బూడిదరంగు పొర కట్టి ఉంటే అది వెండి క్లోరైడు. గోటితో కూడా గీకకండి, మ్యూజియంలో రసాయన విభాగం వాళ్లకు అప్పగించండి. దాచడానికి మెత్తటి ప్లాస్టిక్ ఆల్బములు వాడకండి, కొన్నేళ్లకు వాటి నుంచి పచ్చటి జిడ్డు కారి కాసుకు పట్టుకుంటుంది. మందపాటి కాగితపు కవరు ఒక్కో కాసుకు ఒకటి, పైన పెన్సిలుతో బరువు, దొరికిన చోటు. అంతే.

*

కొబ్బరి గుంట తీస్తుంటే ముంత దొరికింది. ఎన్ని కాసులో చెప్పను. ప్రభుత్వానికి చెబితే ఊరికే పట్టుకుపోతారా?
- పేరు, ఊరు వద్దన్నారు

ఊరికే పోదు, కానీ చెప్పకపోతే ఊరికే పోయే ప్రమాదం ఉంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే దొరికినవాడు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్నది అందులో ఉండాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవాడికి మూడు పాళ్లు, నేల సొంతదారుకు ఒక పాలు. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే ఆ లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. దాస్తే ఆ పాలు పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు.

లోహం వెల చాలా తక్కువ అని మీకు తోచవచ్చు. నాకూ అలాగే అనిపిస్తుంది. ఈ కాలంలో అంత తక్కువ ఇస్తే ముంతలు కంసాలి కుంపటికే పోతాయి. 1878లో కరూరులో ఐదువందలకు దగ్గరగా దొరికిన డెనారియస్‌లలో చాలావాటి గతి అదే. అయినా చట్టం చట్టమే. ముంతను మాత్రం పగలగొట్టకండి, కాసులను పంచుకోకండి. అన్నిటికన్నా కొత్త కాసు ఏది అన్నదాన్ని బట్టి ఆ ముంత ఎప్పుడు పూడ్చారో తెలుస్తుంది. నాలుగు ఇళ్లకు పంచేస్తే ఆ సంగతి ఇక ఎవరూ కనిపెట్టలేరు. దేశం బయటికి అమ్ముదామన్న ఆలోచన వస్తే, 1972 పురాతన వస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం ఎగుమతి నిషిద్ధం. దేశంలో వ్యాపారంగా చేయాలన్నా లైసెన్సు కావాలి.

*

టూకీగా మరికొన్ని.

రాజపాళయం పాఠకుడికి: మీరు పంపిన శ్రీరామ పట్టాభిషేకం వెండి బిళ్ల రామటంకం. అది నాణెం కాదు, పూజకు చేసుకునేది. పూజలోనే ఉంచండి.

మదురై నాయకర్ పుదు తెరువు పాఠకురాలికి: బఠానీ గింజంత రాగి కాసు, మీద దేవుడి బొమ్మ, వెనక తెలుగు అక్షరాల్లా ఉన్నవి నాయకుల కాలానివి కావచ్చు. ఆ కాలపు రాగి మీద తమిళం, తెలుగు, నాగరి మూడూ కనబడతాయి. వైగై ఇసుకలో దొరికే ఇంకో రకం చిన్న రాగి కాసుల మీద తల, వెనక నిలబడిన సైనికులు ఉంటే మాత్రం అవి 4, 5 శతాబ్దాల రోమను కాసులు. రెండింటినీ ఒకే డబ్బాలో కలపకండి.

పొల్లాచ్చి పాఠకుడికి: కాసులు చూపించడానికి చెన్నై ఎగ్మూరు దాకా పోనక్కరలేదు. కోయంబత్తూరులో ప్రభుత్వ మ్యూజియం ఉంది, మదురైలో గాంధీ మ్యూజియం ఆవరణలో ఉంది. ముందు ఫోన్ చేసి వెళ్లండి. పుస్తకం ఒక్కటే కొనాలంటే పౌలా టర్నర్ 1989లో రాసిన, భారతదేశంలో దొరికిన రోమను నాణేల పుస్తకం వెతకండి.

తన అవ్వ కాసులపేరులో ఒక్క కాసు మాత్రం వేరేలా ఉందని రాసిన పల్లడం అమ్మాయికి: కొక్కెం ఊడదీయించకు. ఫోటో రెండువైపులా, పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుతురులో తీసి పంపు. బంగారమే అయితే తల మీద గాటు ఉందేమో చూసి రాయి.